ఐదో స్వేచ్ఛ దగ్గర ఆగిపోయినవాణ్ణి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం అంటూ ఉండేది కాదు. ఇప్పుడు నలభై దాటాక ఏటేటా తెలియనివే పెరుగుతున్నాయి. కానీ ఇరవై నాలుగేళ్ళ వయసులో, డల్లాస్ పక్కన కాపెల్‌లో ఒక రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో, ఇద్దరు రూమ్మేట్లతో ఒక రైస్ కుక్కర్‌తో కాపురం చేస్తున్నప్పుడు, ఏ విషయం మీదైనా అడిగినవాళ్ళకి పది నిమిషాలు చెప్పగలిగేవాణ్ణి. (అడగనివాళ్ళకి ఇరవై.) ఎవరైనా "నాకు తెలీదు" అంటే వాళ్ళ మీద జాలి కలిగేది. ఆ మాట నేను మొదటిసారి మనస్ఫూర్తిగా అన్నది న్యూయార్క్ విమానాశ్రయంలో, ఒక కౌంటర్ ముందు, చేతిలో లడ్డూల డబ్బాతో. ఇన్నాళ్ళూ ఆ సంగతి ముక్కలు ముక్కలుగా, నాకు అనుకూలంగా ఉన్నంతవరకే చెబుతూ వచ్చాను. ఈసారి మొత్తం చెప్పేస్తాను. ఇందులో తప్పు చేసినవాడు ఒక్కడే ఉన్నాడు కాబట్టి, ఎవరి మీద కోప్పడాలో వెతుక్కునే శ్రమ మీకు ఉండదు.

నా మొదటి ఉద్యోగం విమాన టికెట్లు అమ్మే సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక చిన్న కంపెనీలో. నా పని టెస్టింగ్. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాం సరిగా పనిచేస్తోందో లేదో చూడటం. చేరిన కొత్తలోనే మా టీమ్ లీడ్ ఒక లావుపాటి పత్రం నా చేతికిచ్చాడు. ఆయనది అనంతపురం, నాకంటే పదేళ్ళు పెద్ద, ఆఫీసులో పేరు పెట్టి పిలిచినా బయట నాకు అన్నే. "ఇది చదువు. మొత్తం చదువు" అన్నాడు. ఆ రెండో వాక్యాన్ని నేను అప్పట్లో పట్టించుకోలేదు. అందులో ఉన్నదేమిటంటే, దేశాలకీ దేశాలకీ మధ్య విమానాల ఒప్పందాలు. సొంత విమానం ఉంది కదా అని ఏ దేశంలో పడితే ఆ దేశంలో దిగి, ఎవర్ని పడితే వాళ్ళని ఎక్కించుకుని పోవడానికి వీల్లేదు. రెండు ప్రభుత్వాలు కూర్చుని రాసుకోవాలి. మీ విమానాలు మా ఊళ్ళలో వేటికి రావచ్చు, వారానికి ఎన్నిసార్లు రావచ్చు, ఎవర్ని దించవచ్చు, ఎవర్ని ఎక్కించుకోవచ్చు అని. ఈ హక్కులకి ఆ రంగంలో పెట్టుకున్న పేరు భలే ముచ్చటగా ఉంటుంది. వాటిని స్వేచ్ఛలు అంటారు. ఒకటో స్వేచ్ఛ, రెండో స్వేచ్ఛ అని వరస నంబర్లు కూడా ఉంటాయి. నాకు ఆ పేరు వినగానే ఒళ్ళు పులకరించింది. నేను చేస్తున్నది ఒక టెస్టింగ్ ఉద్యోగం కాదనీ, ప్రపంచ దేశాల నడుమ రాయబారమనీ అనిపించింది.

పత్రంతోపాటు ఒక ఎక్సెల్ షీట్ కూడా ఇచ్చారు. నలభై వరసలు. ఒక్కో వరసలో ఒక్కో నియమం. ఆ నియమానికి విరుద్ధంగా ఉన్న టికెట్‌ని కొనడానికి ప్రయత్నించాలి. సాఫ్ట్‌వేర్ అమ్మనని మొరాయిస్తే పక్క గడిలో 'పాస్' అని రాయాలి, అమ్మేస్తే 'ఫెయిల్' అని రాయాలి. ఒక్కో వరసకీ దాదాపు గంట పట్టేది. రెండు రోజులు శ్రద్ధగా చేశాను. (ఇది నిజం. పదకొండు వరసలు చేశాను.) శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకి ఐదో స్వేచ్ఛ ముగిసింది. ఆ రోజు ఆరింటికి అన్న ఇంట్లో పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చే విందు. మా అపార్ట్‌మెంట్ తరఫున పకోడీలు తెస్తామని నేనే మాటిచ్చాను. అప్పటికి ఉల్లిపాయలు కూడా కొనలేదు. మిగతా ఇరవై తొమ్మిది వరసలూ పైపైన చూస్తే, మొదటి పదకొండింటికి దూరపు చుట్టాల్లా కనిపించాయి. అవి పాసయ్యాయి కదా, ఇవీ పాసవుతాయి. పన్నెండో గడిలో 'పాస్' అని రాసి, ఆ గడి మూల మౌస్‌తో పట్టుకుని, నలభై దాకా కిందికి లాగాను. ఒక్క లాగు. గడులన్నీ బుద్ధిగా పాసైపోయాయి. ఆ క్షణంలో నాకు కలిగింది అపరాధ భావం కాదు, పని ముగించిన తృప్తి. ఆ తృప్తిని తలుచుకుంటేనే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పాట్‌లక్‌లో పకోడీల పళ్ళెం పక్కనే నిలబడి నేను అంతర్జాతీయ విమానయానాన్ని వివరించాను. ఎవరూ అడగలేదు. "ఒకటో స్వేచ్ఛ అంటే, నేను మీ హాల్లోంచి నడిచి అవతలికి వెళ్ళిపోవచ్చు, కానీ కూర్చోకూడదు. రెండోది, మధ్యలో ఆగి మంచినీళ్ళు తాగవచ్చు, కానీ మీవాళ్ళని తీసుకెళ్ళకూడదు. మూడోది, మా ఇంటి చుట్టాల్ని తెచ్చి మీ ఇంట్లో దించవచ్చు. నాలుగోది, మీ ఇంటి చుట్టాల్ని మా ఇంటికి తీసుకుపోవచ్చు. ఇక ఐదోది ఉంది చూశారూ, అది అసలైనది. మా ఇంట్లో బయల్దేరి, మీ ఇంట్లో ఆగి, అక్కడ మీవాళ్ళని ఎక్కించుకుని మూడో ఇంట్లో దించవచ్చు."

మా వరంగల్ రూమ్మేట్ నోట్లో పకోడీతోనే అన్నాడు. "ఏంది భయ్, హాల్లకెల్లి బాల్కనీలకి పోవుడు గూడ స్వేచ్ఛేనా? మరి మొన్న నా షాంపూ నువ్వు వాడింది ఎన్నో నంబరు?"

అందరూ నవ్వారు. అక్కడ ఒక డాక్టర్ అంకుల్ ఉండేవారు. మేమెవరం పుట్టకముందే వచ్చి స్థిరపడిన గుండె డాక్టరు. ఆయన మాత్రం నవ్వకుండా కళ్ళజోడు సర్దుకుని, "ఐదేనటయ్యా? ఇంకేమీ లేవూ?" అని అడిగారు.

"ఐదే అంకుల్. అంతకుమించి లేవు" అన్నాను, దేశాల తరఫున.

ఆ మాటకే నాకు 'ఫ్రీడమ్' అన్న పేరు స్థిరపడింది. దాన్ని బిరుదనుకున్నాను.

ఆ సాయంత్రమే అన్నావాళ్ళ అమ్మగారి ప్రయాణం ప్రస్తావన వచ్చింది. వచ్చే నెలలో ఒక ఆదివారం ఆవిడ మొదటిసారి అమెరికా వస్తున్నారు. విమానం ఎక్కడమే మొదటిసారి. మనవాళ్ళకి ఇలాంటప్పుడు ఒక పద్ధతి ఉంది కదా, ఫలానా తేదీన ఫలానా విమానంలో ఎవరైనా వస్తున్నారా, మా అమ్మకి తోడు కావాలి అని గ్రూపుల్లో అడగడం. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఆ ఒక్క ప్రయాణానికి కొడుకులూ కూతుళ్ళూ అయిపోతారు, దిగాక మళ్ళీ కనపడరు. వదిన మెయిల్ పెట్టి వారమైంది, ఎవరూ దొరకలేదు. "హైదరాబాద్‌లో మా తమ్ముడు ఎక్కిస్తాడు. మధ్యలో ఆ విమానంవాళ్ళ దేశంలో విమానం మారడం కూడా ఫరవాలేదు, అక్కడ వీల్‌చైర్ వాళ్ళు తీసుకెళ్తారట. నా భయమంతా న్యూయార్కే. అక్కడ ఇమిగ్రేషన్, పెట్టెలు తీసుకోవడం, మళ్ళీ అప్పగించడం, మళ్ళీ అదే విమానం ఎక్కి ఇక్కడికి రావడం. వీళ్ళ ఇంగ్లీషు అత్తయ్యకి ఒక్క ముక్క అర్థం కాదు" అంది వదిన.

నా మెదడులో దీపం వెలిగింది. సరిగ్గా ముందు రోజు శనివారమే న్యూజెర్సీలో నా కాలేజీ స్నేహితుడి నిశ్చితార్థం. ఆదివారం ఎలాగూ తిరిగి రావాలి. "వదినా, నేను అదే విమానం న్యూయార్క్‌లో ఎక్కుతాను. అమ్మ కస్టమ్స్ దాటి బయటికి రాగానే పెట్టెలు నేను అందుకుంటాను. అక్కణ్ణుంచి ఇక్కడిదాకా నా పక్క సీట్లో కూర్చోబెట్టి తెస్తాను" అన్నాను. వదిన కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది. ఆవిడ అత్తగారికి పంపడానికి ఒక చీటీ తయారుచేసి ఉంచింది. 'నాకు ఇంగ్లీషు రాదు, డల్లాస్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాను, ఆయన ఫోన్ నంబరు ఇది, నేను శాకాహారిని' అని పెద్ద అక్షరాలతో రాసి, ప్లాస్టిక్ తొడిగించిన కార్డు. మనవాళ్ళ పెద్దవాళ్ళందరి చేతిసంచుల్లోనూ ఉండే కార్డే. "మెడలో బోర్డు వేసినట్టు అదెందుకు వదినా, నేనే కార్డుని" అన్నాను. అందరూ మెచ్చుకున్నారు. కార్డు ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉండిపోయింది. అన్న మాత్రం భుజం మీద చెయ్యేసి, "అమ్మ బాధ్యత నీది మరి. నిన్ను నమ్మి నేనింక ఎవర్నీ అడగను" అన్నాడు. నా వీసా పొడిగింపు కాగితాలు కూడా అప్పుడు ఆయన బల్ల మీదే ఉన్నాయి. కానీ ఒట్టేసి చెబుతున్నాను, నేను ఒప్పుకున్నది వాటి కోసం కాదు. గొప్ప కోసం.

టికెట్ కొనబోతే విచిత్రం. ఏ సైట్‌లో చూసినా ఆ విమానం న్యూయార్క్ నుంచి డల్లాస్‌కి అమ్మకానికే లేదు. నాలుగు సైట్లు వెతికాను. ఆ వారమే మా కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న ఒక చిన్న ట్రావెల్ సైట్‌లో మాత్రం కనిపించింది. పైగా చవగ్గా. ప్రపంచంలో ఎవరికీ కనపడని టికెట్ మా సాఫ్ట్‌వేర్‌కి ఎందుకు కనిపించింది అని బుద్ధి ఉన్నవాడు ఒక్క క్షణం ఆలోచిస్తాడు. నేను కూడా ఆలోచించాను. మేము అంత గొప్పవాళ్ళం కాబట్టి అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం, విమానానికి మూడు గంటల ముందే కౌంటర్ దగ్గర నిలబడ్డాను. నిశ్చితార్థం ఇంట్లో ఇచ్చిన లడ్డూల డబ్బా చేతిలో ఉంది. కౌంటర్లో ఉన్నావిడ పెద్దావిడ, మెళ్ళో గొలుసుకి కళ్ళజోడు వేలాడుతోంది, చిరునవ్వు ముఖం. టికెట్ చూసి పాస్‌పోర్ట్ అడిగింది.

"డొమెస్టిక్ ప్రయాణానికి పాస్‌పోర్ట్ ఎందుకండీ?" అన్నాను, నియమాలు తెలిసినవాడి దర్పంతో.

"హనీ, మా దగ్గర డొమెస్టిక్ లేదు" అందావిడ. "నువ్వు ఎక్కణ్ణుంచి వస్తున్నావు?"

"డల్లాస్ నుంచి."

"వెళ్ళేది?"

"డల్లాస్‌కి."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నన్ను ఒకసారి, స్క్రీన్‌ని ఒకసారి చూసింది. "మాది వేరే దేశం విమానం. మా దేశం నుంచి వచ్చేవాళ్ళు ఇక్కడ దిగవచ్చు, లేదా డల్లాస్ దాకా వెళ్ళవచ్చు. అంతేగానీ న్యూయార్క్‌లో ఎక్కి డల్లాస్‌లో దిగేవాళ్ళని మేము ఎక్కించుకోకూడదు. అది మీ దేశం విమానాల పని. ఒప్పందం అలా ఉంది. ఈ టికెట్ నీకు ఎవరు అమ్మారు?"

'మేమే' అన్న మాట నోటి చివరిదాకా వచ్చి ఆగింది. ఆవిడ పై అధికారిని పిలిచింది. అతను వచ్చి టికెట్ చూసి తల పట్టుకున్నాడు. "నా సర్వీసులో ఇలాంటి టికెట్ చూడలేదు. ఇదేం సిస్టమో గానీ, దీన్ని చెక్ చేసినవాడు నిద్రపోయి ఉంటాడు" అన్నాడు. (నిద్రపోలేదు. ఉల్లిపాయలు కొనడానికి వెళ్ళాడు.) నేను బతిమాలాను. లోపల నుంచి ఒక పెద్దావిడ వస్తున్నారని, ఆవిడకి భాష రాదని, నేను లేకపోతే తప్పిపోతారని చెప్పాను. "ఈ విమానాల ఒప్పందాల గురించి మీకు నిజంగా ఏమీ తెలియదా?" అని అతను జాలిగా అడిగాడు. అప్పుడు అన్నాను ఆ మాట. "నాకు తెలీదు సర్."  స్వేచ్ఛలు ఐదు కాదనీ, తొమ్మిదని అందరూ లెక్కపెడతారనీ, పరాయి దేశంలో రెండు ఊళ్ళ మధ్య ఆ దేశపు ప్రయాణికుల్ని మోసే హక్కు చిట్టచివర ఉంటుందనీ, దాన్ని దాదాపు ఏ దేశమూ ఎవరికీ ఇవ్వదనీ అతనే చెప్పాడు. మా షీట్‌లో అది ముప్పై మూడో వరస. నా మౌస్ దాని మీదుగా జర్రున జారిన చప్పుడు నాకు ఆ కౌంటర్ దగ్గర వినిపించింది.

కస్టమ్స్ తలుపుల ఎదుటికి వచ్చి ఒక స్తంభానికి ఆనుకున్నాను. ఆవిడ పక్కన ఖాళీగా ఎగరబోయే సీటు కంటే, అన్నావాళ్ళ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద వేలాడుతున్న కార్డే కళ్ళ ముందు కదిలింది. లోపల ఎక్కడో ఆ తల్లి, భాష తెలియని చోట, నేను తీసేయించిన చీటీ లేకుండా. అన్నకి నేనేం చెప్పాలి?

కస్టమ్స్ తలుపులు తెరుచుకున్నాయి. ఫోటోలో చూసిన మనిషే. నేత చీర, మీద ఊలు స్వెట్టరు, కాళ్ళకి తెల్లటి కొత్త బూట్లు. రెండు పెద్ద పెట్టెలున్న బండిని నిటారుగా తోసుకుంటూ వస్తున్నారు. ఆవిడ వెనకాల, ఆవిడ కొంగు చూసుకుంటూ, ఇద్దరు గుజరాతీ ముసలి దంపతులు తమ బండి తోసుకుంటూ వస్తున్నారు. ఆవిడ చెయ్యెత్తి ఆగితే వాళ్ళూ ఆగుతున్నారు, కదిలితే కదులుతున్నారు. ఆవిడకి తోడు కావాలని మేము వారం రోజులు వెతికాం. ఆవిడ తనే ఇద్దరికి తోడై వచ్చేశారు.

"నువ్వేనా మా వాడు చెప్పిన ఫ్రీడం?" అన్నారు నన్ను చూడగానే. "ఏమప్పా, మొగం అట్లుంది? తిన్యావా లేదా?"

"అమ్మా, నన్ను ఎక్కనివ్వట్లేదు" అన్నాను. ఏడుపొక్కటే తక్కువ. ఎందుకని అడిగారు. కౌంటర్లో చెప్పినదంతా తడబడుతూ చెప్పాను. ఆవిడ మొత్తం వినకుండానే తలూపేశారు.

"అంతే కద నాయనా! ఎట్ల ఎక్కించుకుంటారు? మా డిపో బస్సులు బెంగుళూరికి పొయ్యేటివి. కర్ణాటక గడి దాటినాక బాగేపల్లిలో ఎవరన్నా చెయ్యెత్తి చిక్కబళ్ళాపురం పోవల్లంటే మేము ఎక్కించుకోకూడదు. అనంతపురంలో ఎక్కినోళ్ళు యాడ దిగినా సరే. ఆ రెండూర్ల మధ్య పొయ్యేటోళ్ళు మాత్రం వాళ్ళ బస్సుల సొత్తు. రెండు రాష్ట్రాలు కూచోని రాసుకున్న కాగితం. ఆ కాగితాలన్నీ నా బీరువాలోనే ఉండేటివి. కొత్త కండక్టర్లకి నేనే సదివి చెప్తావుంటి."

అన్న ఎప్పుడో "అమ్మ బస్సు డిపోలో పనిచేసింది" అన్నాడు. నేను అదేదో చిన్న ఉద్యోగమని విని వదిలేశాను. ముప్పై ఏళ్ళు రూట్లూ పర్మిట్లూ చూసిన గుమస్తా అని అడిగి తెలుసుకోలేదు. నేను పకోడీల పళ్ళెం పక్కన నిలబడి ఇరవై నిమిషాలు చెప్పింది, చెప్పలేకపోయింది కూడా, ఆవిడ పెట్టె మీద చెయ్యి ఆనించి అరనిమిషంలో చెప్పేశారు.

"అదిసరే, అట్లాంటి టికెట్టు ఎట్ల అమ్మినారప్పా నీకు? సూసుకునేటోడు ఎవుడూ లేడా?"

ఆ ప్రశ్నకి అబద్ధం చెప్పడానికి వీలుంది. సాఫ్ట్‌వేర్ అన్నాక తప్పులుంటాయమ్మా అనేయవచ్చు. కానీ ఆ తెల్ల బూట్లు చూశాక నోరు రాలేదు. "సూసుకునేవాణ్ణి నేనేనమ్మా" అన్నాను. పదకొండు వరసల సంగతి, మౌస్ సంగతి, పకోడీల సంగతి అన్నీ చెప్పేశాను.

ఆవిడ నవ్వలేదు. "సదవకుండానే టిక్కు పెట్టినావు."

"అవునమ్మా."

"మా వాడికి తెలుసునా?"

"తెలీదమ్మా."

ఆవిడ గుజరాతీ దంపతుల్ని కుర్చీలు చూపించి కూర్చోమని సైగ చేసి, నా వైపు తిరిగారు. "ఇను నాయనా. నేను దిగుతానే వాడు అడుగుతాడు, వీడు యాడమ్మా, ఏల రాలేదు అని. నేను అబద్ధం చెప్పను. నా నోటెంట వింటే వాడికి నీ మీద నమ్మకం పోతాది. నీ నోటెంట వింటే కోపం వస్తాది, అంతే. నేను దిగే లోపల నువ్వే చెప్పల్ల."

ఆవిడ చేతిలో ఏదో ఒకటి పెట్టాలని, జేబులో ఉన్న కాగితం మీద కార్డులో ఉన్న మాటలన్నీ గుర్తు తెచ్చుకుని రాసి, కింద గేటు నంబరు కూడా రాసి ఇచ్చాను. ఆవిడ చేతిసంచిలోంచి కళ్ళజోడు తీసి, ఇంగ్లీషులో ఉన్న ఆ చీటీని మొదటి నుంచి చివరిదాకా చదివారు. చదివి, తలెత్తి బోర్డు చూశారు. "గేటు తప్పు రాసినావు. అది ఏడు కాదు, పదిహేడు" అన్నారు. వాళ్ళ మాట అర్థం కాకపోవచ్చు, రాత మాత్రం ముప్పై ఏళ్ళు చదివిన మనిషి. నా చేతిలోని లడ్డూల డబ్బా కూడా తీసుకున్నారు. "నువ్వు ఎక్కకపోతివి, ఇదన్నా ఎక్కనీ. లడ్డూలకి ఒప్పందం అక్కర్లేదు కద?" అని, దంపతుల్ని వెంటేసుకుని, పెట్టెలు అప్పగించి, వెనక్కి చూడకుండా సెక్యూరిటీ వైపు వెళ్ళిపోయారు.

అక్కణ్ణుంచి డల్లాస్‌కి నాలుగు గంటలు. నాకున్న గడువు అంతే. ఆవిడ విమానం కదిలిందని బోర్డు మీద పడ్డాక ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. కాఫీ కొన్నాను. తాగలేదు. విమానం ఇప్పుడు ఏ రాష్ట్రం మీద ఉంటుందో లెక్కేశాను. అన్నకి ఏ మాటతో మొదలుపెట్టాలో నాలుగు రకాలుగా అనుకున్నాను. మొదటి మూడింటిలోనూ తప్పు సాఫ్ట్‌వేర్‌ది. మూడో రకం చాలా బాగా కుదిరింది, దాదాపు అదే చెప్పేవాణ్ణి. కానీ ఆవిడ చీటీ చదివిన తీరు గుర్తొచ్చింది, వేలు పెట్టి ఒక్కో వరసా. ఇంకా మూడు గంటలుండగా నంబరు నొక్కాను. వదిన ఎత్తింది.

"అత్తయ్య ఎక్కారా?"

"ఎక్కారు వదినా. హుషారుగా ఉన్నారు."

"హమ్మయ్య! నువ్వు?"

"నేను ఎక్కలేదు."

అవతల "ఏమండీ" అన్న కేక వినిపించింది. అన్న లైన్‌లోకి వచ్చాడు. నాలుగో రకంగా చెప్పాను. "అన్నా, ముప్పై మూడో వరస నేను టెస్ట్ చేయలేదు. చేశానని రాశాను. అది ఫెయిల్. ఆ టికెట్ నాకే అమ్మింది."

"ఒక్క వరసేనా?"

"ఇరవై తొమ్మిది."

  అన్న చాలా మెల్లగా అన్నాడు. "నిన్ను తిట్టాలి. కానీ ఇప్పుడు టైం లేదు. అమ్మ ల్యాండయ్యేలోపు ఆ అమ్మకం ఆపించాలి. ఫోన్ పెట్టెయ్." అని ఆయనే పెట్టేశాడు.

నేను అక్కడే కూర్చున్నాను. వెళ్ళడానికి చేతిలో టికెట్ లేదు. రావద్దని ఎవరూ అనలేదు గానీ, రమ్మని కూడా అనలేదు. రెండు గంటల తర్వాత ఒక్క మెసేజ్ వచ్చింది. అమ్మకం ఆగిపోయింది, మొత్తం నలుగురికి అమ్మింది, నువ్వు ఒకడివి, మిగతా ముగ్గురి ప్రయాణాలు వచ్చే వారం, వాళ్ళకి వేరే టికెట్లు చూస్తున్నారు. ఇంకో గంటకి ఇంకో మెసేజ్, ఫోటో ఒక్కటే. అరైవల్స్ దగ్గర అమ్మ, వదిన, మధ్యలో లడ్డూల డబ్బా. ఆ ఫోటో చూసి, న్యూయార్క్ విమానాశ్రయంలో, జనం మధ్య, ముక్కు చీదుకున్నాను. ఆ సాయంత్రం వచ్చినంత హాయి నాకు ఆ తర్వాత గ్రీన్ కార్డ్ వచ్చిన రోజు కూడా రాలేదు.

సోమవారం వేరే విమానంలో (ఈసారి ఈ దేశపు విమానమే) తిరిగొచ్చి తిన్నగా ఆఫీసుకి వెళ్ళాను. మా పెద్ద బాస్ ఆరడుగుల టెక్సాస్ మనిషి. ఈ తప్పు ఎవరు కనిపెట్టారని అడిగాడు. "ఇతనే. కౌంటర్ దాకా స్వయంగా వెళ్ళి కనిపెట్టాడు" అన్నాడు అన్న, ముఖంలో ఏ భావమూ లేకుండా. అక్కడితో ఆగిపోతే బావుండేది. "పాస్ చేసింది కూడా నేనే" అన్నాను. బాస్ నలభై వరసలూ మొదటి నుంచి మళ్ళీ చేయమన్నాడు. అంతే. ఈసారి ఒక్కో వరసనీ మూడేసి సార్లు చేశాను, మూడు వారాలు పట్టింది. ఇంకో రెండు తప్పులు బయటపడ్డాయి. ఆ రెండూ ఎవరి మీదా పడకముందే దొరికినందుకు లోపల్లోపల ఎన్ని దణ్ణాలు పెట్టుకున్నానో. నలభయ్యోది ముగిసిన రోజు అన్న నా వీసా కాగితాలు బల్ల మీద పెట్టాడు, సంతకంతో. "మొత్తం చదివాకే పెట్టాను" అన్నాడు. ఆయన నన్ను తిట్టిన తిట్టు జీవితంలో ఆ ఒక్కటే.

తర్వాతి పాట్‌లక్‌లో నేను ఒక మూల కూర్చుని పులిహోర తింటున్నాను. అమ్మ చుట్టూ వదినలూ ఆంటీలూ. "న్యూయార్క్‌లో భయమేయలేదా అమ్మా?" అని ఎవరో అడిగారు. నా చెయ్యి ముద్ద దగ్గర ఆగిపోయింది. "ఏం బయం? ఈ అబ్బోడు వచ్చినాడు కద. చీటీ రాసిచ్చినాడు, లడ్డూలిచ్చినాడు. మంచి పిల్లోడు" అన్నారావిడ. ఒక్క అబద్ధమూ లేదు. డాక్టర్ అంకుల్ మాత్రం నా దగ్గరికి వచ్చి కూర్చుని, "ఏమయ్యా ఫ్రీడమ్, ఇవాళ ఉపన్యాసం లేదే?" అన్నారు.

"తొమ్మిది ఉన్నాయి అంకుల్" అన్నాను.

"ఆ రోజు ఐదే అన్నావు?"

"నేను చదివింది ఐదే అంకుల్."

ఆయన చాలాసేపు నవ్వారు. నవ్వి, "నేను మాత్రం మొదటి ఏడాది ఎన్ని చదివాననుకున్నావు" అన్నారు. గుండె డాక్టరు ఆ మాట అన్నందుకు కాస్త భయపడ్డాను గానీ, అంత ఊరట కలిగించిన మాట ఇంకొకటి లేదు.

ఇప్పటికీ కాపెల్‌లోనే ఉంటున్నాను, ఆ ఒప్పందాల పనే చేస్తున్నాను. మా ఇంటి మీదుగా విమానాలు బాగా కిందికి దిగుతూ వెళ్తాయి. తోక మీద రంగులు చూసి ఏ దేశానిదో, ఎవర్ని మోసే హక్కు దానికి ఉందో అనుకుంటాను. పైకి మాత్రం చెప్పను. మా అమ్మాయి అడిగితే చెబుతాను, అది కూడా తొమ్మిదీ చెబుతాను, అప్పటికి అది లోపలికి వెళ్ళిపోతుంది. అమ్మ ఫోన్‌లో దొరికినప్పుడల్లా "సదివి పెడుతున్నావా టిక్కులు?" అని అడుగుతారు. చదివే పెడుతున్నానమ్మా అంటాను. ఎప్పుడైనా శుక్రవారం నాలుగున్నరకి, చెయ్యి మౌస్ మీద ఉన్నప్పుడు, ఆ ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు గుర్తొస్తాడు. పన్నెండో గడి మూల పట్టుకుని, కిందికి లాగబోతూ, ఎంత సంతోషంగా ఉంటాడో. వెనక నుంచి వెళ్ళి భుజం తట్టి, "ఒరే, ఇంకా నాలుగున్నాయిరా" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వింటాడన్న నమ్మకం లేదు. అతనికి ఆరింటికి పాట్‌లక్ ఉంది, ఉల్లిపాయలు ఇంకా కొనలేదు.